ఎడమకంటి ఆకాశం

నిడదవోలుకి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు పక్కనున్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తబిత ఫిజికల్ సైన్స్ టీచరు. వయసు యాభై అయిదు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి కరుణమ్మతో కలిసి ఉండేది. మూడేళ్ళ క్రితం ఆవిడ పోయాక, స్టేషను వెనక వీధిలో అదే మేడమీద వాటాలో ఒక్కతే ఉంటోంది. ఉదయం స్కూటీ మీద బడికి వెళ్ళడం, సాయంత్రం రావడం, ఆదివారం చర్చికి వెళ్ళడం. ఆమె మాట్లాడే మాటల్లో ముప్పాతిక వంతు పాఠాలే.

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో తబిత ఏటా తప్పకుండా చేసే ప్రయోగం ఒకటుంది. చదరపు గాజు తొట్టెలో నీళ్ళు పోసి, నాలుగు చుక్కల పాలు వేసి, కిటికీలు మూయించి, ఒక చివర నుంచి టార్చిలైటు వేస్తుంది. తొట్టెకి పక్కన నిలబడి చూసేవాళ్ళకి నీళ్ళు లేత నీలంగా కనిపిస్తాయి. టార్చికి ఎదురుగా, అటు చివర నిలబడి చూస్తే వెలుగు నారింజ రంగులో ఉంటుంది. ఆకాశం పగలు నీలంగా ఎందుకుంటుందో, పొద్దుగూకే వేళ సూర్యుడు ఎందుకు ఎర్రబడతాడో పిల్లలకి ఆ తొట్టెలోనే చూపించేస్తుంది. పై అధికారులు బడికి వచ్చినప్పుడు కూడా ఆమె చేత ఆ ప్రయోగం చేయించేవాళ్ళు.

ఆ ఏడు సెప్టెంబరులో పదో తరగతికి ఆ పాఠం వచ్చింది. తొట్టె సిద్ధం చేసి టార్చి వేసింది. నీళ్ళు తెల్లగా, కాస్త మురికిగా కనిపించాయి. నీలం లేదు. పాలు చాల్లేదేమో అని ఇంకో రెండు చుక్కలు వేసింది. అయినా లేదు. టార్చిలో బ్యాటరీలు మార్పించింది. అప్పటికే పిల్లలు, "నీలంగా ఉంది మేడమ్," అంటున్నారు.

తబితకి కోపం వచ్చింది. రేపు పరీక్షలో రాయాల్సిన జవాబుని వీళ్ళు ఇప్పుడు కళ్ళతో చూసినట్టు చెప్పేస్తున్నారు అనుకుంది. చదువులో ఆమెకి గిట్టనిది అదొక్కటే.

"చూసింది చెప్పండి. చదివింది కాదు," అంది.

క్లాసు అంతా సద్దుమణిగింది. రెండో బెంచీలో హారతి అనే అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు.

"నాకు నీలంగానే కనిపిస్తోంది మేడమ్."

"లేని రంగు నీకెలా కనిపిస్తుంది?"

"ఉంది మేడమ్," అంది హారతి. తల వంచుకుని అంది గానీ మాట మార్చలేదు.

తబిత ఆ పిల్లని పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టే ఉంచింది. మిగిలిన పాఠం బోర్డు మీద చెప్పి ముగించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, వంటింటి కిటికీ మూసి, గాజు గ్లాసులో నీళ్ళూ పాలూ కలిపి ఫోను లైటు వేసి చూసుకుంది. తెలుపే. ఎన్నిసార్లు చూసినా తెలుపే. అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. ఎవరికైనా చూపించి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. గ్లాసు పట్టుకుని మెట్లదాకా వెళ్ళింది. కింద వాటావాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు, వాళ్ళ పేర్లు కూడా తనకి తెలియవు. ఈ వేళప్పుడు పాలు కలిపిన నీళ్ళ గ్లాసుతో వెళ్ళి ఇది ఏ రంగని అడిగితే ఏమనుకుంటారు? తిరిగి లోపలికి వచ్చి గ్లాసు కడిగేసింది.

మర్నాడు బడిలో మధ్యాహ్న భోజనం వండే సూరమ్మ దగ్గరికి వెళ్ళింది. వంటపాక వెనక సామాన్ల గది చీకటిగా ఉంటుంది. అక్కడ గ్లాసు పెట్టి లైటు వేసి, "సూరమ్మా, ఈ నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగింది.

సూరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వంగి చూసింది. "నీలంగా ఉన్నాయండి. ఏం కలిపారండి ఇందులో?"

సూరమ్మకి ఆ పాఠం తెలియదు. పరీక్షలో ఏం రాయాలో అసలే తెలియదు. తబిత లైటు ఆపేసి, ఏం లేదులే అని చెప్పి బయటికి వచ్చింది. వరండా మీదుగా నడుస్తూ పదో తరగతి గదిలోకి చూసింది. హారతి రెండో బెంచీలో కూర్చుని ఏదో రాసుకుంటోంది. అప్పుడే లోపలికి వెళ్ళి మాట్లాడాలనిపించింది. కానీ వెళ్ళలేదు.

ఆ శనివారం రాజమండ్రిలో కంటి డాక్టరుకి చూపించుకుంది. రెండు కళ్ళలోనూ శుక్లం ఉందన్నాడు డాక్టరు. పాలపొరలా తెల్లగా వచ్చే రకం కాదట. కంటిలోపలి కటకం ఏళ్ళ తరబడి నెమ్మదిగా పచ్చబడి, తర్వాత గోధుమరంగుకి తిరిగే రకం. అందుకే అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి, రంగులే మారిపోయాయి అని చెప్పాడు. రెండేళ్ళుగా కళ్ళజోడు లేకుండానే పేపరు చదవగలుగుతున్నానని తబిత లోలోపల కాస్త గర్వపడుతోంది. అది కూడా ఆ జబ్బులో భాగమేనని డాక్టరు చెప్పాడు.

దసరా సెలవుల్లో కుడికన్ను ఆపరేషన్ చేస్తామన్నారు. పక్కన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. తబిత తమ్ముడు విజయ్ పాల్ విశాఖపట్నంలో ఉంటాడు. ఫోను చేస్తే, ఆ వారమే తనకి ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ ఉందనీ, దీపావళికి పెట్టుకుంటే వస్తాననీ అన్నాడు. పరవాలేదులే అంది తబిత. ఫోను పెట్టేసి, ఇంకెవర్ని పిలవాలా అని ఆలోచించింది. స్టాఫ్ రూములో తొమ్మిదేళ్ళుగా పక్క కుర్చీలో కూర్చునే తెలుగు టీచరు ఉషారాణి ఉంది. ఆవిడకి ఇంటినిండా పిల్లలు, అత్తగారు, పండగ. చర్చిలో చాలామంది ఉన్నారు. వందనాలు చెప్పుకుంటారు, ప్రార్థన చేస్తామంటారు. ఒక రాత్రి ఆస్పత్రిలో నా పక్కన పడుకోండి అని అడిగేంత చనువు ఎవరి దగ్గరా లేదు. చివరికి సూరమ్మని అడిగింది. సూరమ్మ ఏ కళనున్నదో, ఎన్ని గంటలకి బండి అని మాత్రమే అడిగింది.

ఆస్పత్రిలో నర్సు కాగితం మీద రాసుకుంటూ, వచ్చిన మనిషి ఏమవుతారని అడిగింది. మా స్కూల్లో పనిచేస్తుందని తబిత చెప్పింది. బంధువులెవరూ రాలేదా అని నర్సు మళ్ళీ అడిగింది. ఈసారి జవాబు సూరమ్మ చెప్పింది.

"చెల్లెలని రాసుకోండమ్మా. ఆవిడకంటే నేను నాలుగేళ్ళు చిన్నదాన్ని."

నర్సు ఇద్దరినీ ఒకసారి చూసి అలాగే రాసుకుంది. సూరమ్మ కింద సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం విడివిడిగా, పెన్ను గట్టిగా నొక్కి పెట్టింది.

ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మర్నాడు ఉదయం కట్టు విప్పి, చుక్కల మందులు రాసిచ్చి, నల్లద్దాలు ఇచ్చి పంపించారు. ఇద్దరూ పదకొండు గంటల ప్యాసింజరు ఎక్కారు. వంతెన మీదికి బండి వచ్చాక తబిత ఒక్క క్షణం నల్లద్దాలు తీసింది.

రెండు రోజుల ముందు వాన కురిసి వెలిసింది. గోదావరి మీద ఆకాశం ఎంత నీలంగా ఉందంటే, తబితకి మొదట కంటికి ఏదో అయిందని భయమేసింది. ఎడమకన్ను తెరిచి కుడికన్ను మూసింది. అదే ఆకాశం, ఎండకి వెలిసిన కాన్వాసు సంచిలా ఉంది. మబ్బులు పాతకాగితం రంగులో ఉన్నాయి. మళ్ళీ కుడికన్ను తెరిచింది. నీలం. ఎడమ. కుడి. ఒక కంటికి ఒక ఆకాశం, రెండో కంటికి ఇంకోటి.

ఇరవై ఎనిమిదేళ్ళుగా చెప్పిన పాఠం ఆమెకి కంఠతా వచ్చు. సూర్యుడి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. గాలిలోని అణువులు ఎంతో చిన్నవి. ఎరుపు లాంటి పొడుగు తరంగాలు వాటిని దాటుకుని చాలావరకు తిన్నగా వెళ్ళిపోతాయి. నీలం తరంగాలు చిన్నవి కాబట్టి అవి ఎక్కువగా చెదిరి, ఆకాశం నిండా అన్ని వైపులకీ పాకుతాయి. అందుకే ఎటు తలెత్తి చూసినా నీలమే మన కంటికి చేరుతుంది. దాన్నే కాంతి పరిక్షేపణం అంటారు. ఆ నీలం తన కంటిదాకా రోజూ వస్తూనే ఉంది. లోపల పచ్చబడిపోయిన కటకం దగ్గరే ఆగిపోయింది. పదో తరగతిలో కన్ను గురించి, ఆకాశం గురించి పక్కపక్కనే చెప్పిన మనిషికి ఈ రెండూ కలిపి చూసుకోవాలని తట్టలేదు.

ఇదంతా ఎవరికైనా చెప్పాలనిపించింది. "సూరమ్మా, నా రెండు కళ్ళకీ ఆకాశం రెండు రకాలుగా ఉంది," అంది.

సూరమ్మ రాత్రంతా తబిత మంచం పక్కన నేల మీద కూర్చునే ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. మందు వల్లేమోనండి, అద్దాలు పెట్టేసుకోండి అని చెప్పి, కిటికీకి తల ఆనించి కొవ్వూరు రాకముందే నిద్రపోయింది. తబిత అద్దాలు పెట్టుకుంది. నిడదవోలు వచ్చేదాకా పక్క సీట్లో ఆవిడ ఊపిరి వింటూ కూర్చుంది.

మూడో రోజు ఆదివారం. చర్చికి వెళ్ళొద్దని డాక్టరు చెప్పలేదు కాబట్టి వెళదామని బీరువా తెరిచింది. తబితకి చర్చికి కట్టుకునే తెల్లచీరలు తొమ్మిది ఉన్నాయి. అన్నీ తనే శనివారాలు ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి ఆరేసుకుంటుంది. బీరువా తలుపు తీసేసరికి ఒక వరస అంతా నీలంగా కనిపించింది. వేరే చీరలు చూస్తున్నానేమో అనుకుని ఒకటి బయటికి తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. జరీ అంచు తెల్లచీరే. అచ్చం సర్కారు బడి యూనిఫారం రంగులో ఉంది. ఎడమకంటితో చూస్తే తెల్లగా, శుభ్రంగా ఉంది. కుడికంటితో చూస్తే నీలం.

మంచం మీద కూర్చుండిపోయింది. తెలుపు పచ్చగా కనిపిస్తుంటే బట్ట మాసిందనుకుని, ప్రతి వారం ఇంకో రెండు చుక్కల నీలిమందు ఎక్కువ వేస్తూ వచ్చిందన్నమాట. ఎన్నాళ్ళ నుంచి? ఏడాదా, రెండేళ్ళా? ఆ చీరలతోనే చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడింది. క్రిస్మస్ నాడు వేదిక ఎక్కి వాక్యం చదివింది. స్కూల్లో ఆగస్టు పదిహేనుకి జెండా దగ్గర నిలబడింది. రెండు వందల మంది చూసి ఉంటారు. ఒక్కరు కూడా చెప్పలేదు. చెప్పడానికి పెద్ద స్నేహం అక్కర్లేదు. ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు. గుమ్మంలో ఎదురొచ్చి, ఏంటా చీర అలా ఉంది అని అడిగే మనిషి.

ఆ తర్వాత తల్లి గుర్తొచ్చింది. అంతవరకూ ఎందుకు గుర్తు రాలేదో తెలియదు.

కరుణమ్మకి చివరి రెండేళ్ళూ ఇదే అలవాటు ఉండేది. తబిత చీరలు, దిండు గలీబులు, కిటికీ తెరలు అన్నిటికీ నీలిమందు దట్టించేసేది. ఒకసారి ఈస్టరుకని కొనుక్కున్న చీర మొత్తం పాడుచేసింది. ఆ రోజు తబిత గట్టిగా అరిచింది. "నీకు కళ్ళు కనబడటం లేదా?" అని అడిగింది. అడిగింది గానీ జవాబు కోసం ఆగలేదు. నీలిమందు సీసా తీసుకెళ్ళి తల్లికి అందని పై అరలో పెట్టేసింది. కరుణమ్మ మళ్ళీ బట్టల జోలికి రాలేదు. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎర్రటి ఎండ కాస్తున్న రోజు కూడా, ఇవాళ మబ్బేసినట్టుందే అనేది. ఆవిడకి మతి తప్పుతోందని తబిత అనుకుంది. షుగరుకి చూపించింది, బీపీకి చూపించింది. కంటి డాక్టరు దగ్గరికి ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. అప్పుడు కూడా పదో తరగతికి కన్ను పాఠం చెబుతూనే ఉంది.

ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదు. సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి, అమ్మకి కళ్ళలో శుక్లాలు ఉండేవిరా, నేను కనిపెట్టలేదు అని చెప్పింది. అమ్మకి వయసు అయిపోయింది కదక్కా, ఇప్పుడు అవన్నీ ఎందుకు తవ్వుకోవడం అన్నాడు విజయ్ పాల్. చుక్కలు టైముకి వేసుకుంటున్నావా అని అడిగాడు. వేసుకుంటున్నానని చెప్పింది.

సెలవులయ్యాక బడికి వెళ్ళిన రోజే స్టాఫ్ రూములో ఉషారాణిని అడిగింది. తన తెల్లచీరలు నీలంగా ఉండటం మీరు చూశారా అని. ఉషారాణి చేతిలో ఉన్న పుస్తకం మూసి, మళ్ళీ తెరిచింది.

"అందరం చూశామండి. ఎలా చెప్తాం తబితగారూ? మీరు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. ఏమైనా అనుకుంటారేమోనని."

తబిత నేనేమీ అనుకోనండి అంది. నిజంగానే ఏమీ అనుకోలేదు. తొమ్మిదేళ్ళు పక్కనే కూర్చున్న మనిషి తన గురించి అలా జంకుతూ ఉందన్న సంగతి మాత్రం ఆ పీరియడంతా లోపల గుచ్చుకుంటూనే ఉంది. మధ్యాహ్నం సూరమ్మనీ అదే అడిగింది. సూరమ్మ చూశానండి అని ఒప్పేసుకుంది. మీరు సైన్సు టీచరుగారు కదండీ, ఏదో తెలిసే పెట్టుకుంటున్నారనుకున్నాను అంది.

పదో తరగతిలో ఆ పాఠం మళ్ళీ చెప్పింది తబిత. తొట్టెలో నీళ్ళు, పాలు, టార్చి. ఈసారి తను ఎడమకన్ను చేత్తో మూసుకుని చూసింది. లేత నీలం, పొగలా, తొట్టె నిండా పరుచుకుని ఉంది. తర్వాత డికాక్షను నింపిన గాజు గ్లాసుని పిల్లలకి తలా ఒకసారి ఇచ్చి, దానిలోంచి తొట్టెని చూడమంది. నీలం కనిపించటం లేదన్నారు పిల్లలు.

"నా కళ్ళలో ఇన్నాళ్ళూ ఆ గ్లాసు ఉంది," అంది తబిత. "ఆ రోజు హారతి చూసింది చూసినట్టు చెప్పింది. నేను చూడలేక ఆ అమ్మాయిని నిలబెట్టాను. తప్పు నాది."

హారతి లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చుంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత తబిత, ఇళ్ళలో పెద్దవాళ్ళకి తెల్లటి గుడ్డ చూపించి అది ఏ రంగులో ఉందో అడిగి రండి అని చెప్పింది. పిల్లలు అడిగి వచ్చారు. ఇద్దరు ముసలివాళ్ళు పచ్చగా ఉందన్నారట. అందులో ఒకామె హారతి వాళ్ళ నాయనమ్మ. ఆవిడని రాజమండ్రి తీసుకెళ్ళడానికి ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో తబిత ఒక కాగితం మీద రాసిచ్చింది.

ఇంక ఎడమకన్ను ఆపరేషన్ మిగిలింది. అక్టోబరు ఆఖరున రమ్మన్నారు. ఆ వారం తుపాను వచ్చింది, వెళ్ళలేదు. నవంబరు మొదటి వారంలో ఫోను చేసి పిలిచారు. స్కూల్లో పరీక్షలున్నాయని చెప్పింది. పరీక్షలు లేవు.

రోజూ ఉదయం కాఫీ కలుపుకుని, వరండాలో తల్లి కూర్చునే చోట కుర్చీ వేసుకుని, కుడికంటి మీద అరచెయ్యి పెట్టుకుని ఎడమకంటితో ఆకాశం చూసేది. తుపాను వెలిసి గాలి కడిగినట్టున్న రోజుల్లో కూడా ఆ కంటికి పైనంతా మాసిపోయి ఉండేది. అమ్మ చూసింది ఇదే. రెండేళ్ళపాటు ఇక్కడే కూర్చుని ఇదే చూసింది. మబ్బేసిందే అని తనతో అన్నప్పుడు, అవునా అని పక్కన కూర్చుని అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఆ పక్కన కూర్చోవడానికి తబితకి మిగిలింది ఈ కన్నొక్కటే. దీన్ని కూడా తీసేసి కొత్త లెన్సు పెట్టేస్తే అమ్మ చూసిన ఆకాశం ఇంకెక్కడా ఉండదు.

రెండు కళ్ళూ రెండు రకాలుగా ఉండటంతో దూరాలు తెలిసేవి కావు. ఒకరోజు స్కూలు మెట్ల మీద తూలి పడబోయింది. ఇంకోరోజు స్కూటీ మీద కాలువ మలుపులో గడ్డి ట్రాక్టరు ఎంత దూరంలో ఉందో తేల్చుకోలేక మట్టిలోకి దిగిపోయింది. మోచెయ్యి చీరుకుంది. ఆ సంగతి విని సూరమ్మ సాయంత్రం వంటపాక పని అయ్యాక బస్సెక్కి ఇంటికి వచ్చింది. సూరమ్మ ఆ మేడమెట్లు ఎక్కడం అదే మొదటిసారి. మోచేతి మీద కట్టు చూసింది. రెండో కన్ను ఎందుకు చేయించుకోలేదని అడిగింది. తబిత ముందు పరీక్షలన్నది, తర్వాత తుపానన్నది. సూరమ్మ వింటూ కూర్చుంది గానీ లేవలేదు. చివరికి తబిత అసలు సంగతి చెప్పేసింది. తల్లి గురించి, సీసా గురించి, పొద్దున్నే అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూడటం గురించి. ఎవరికీ చెప్పనిది, తమ్ముడికి చెప్పబోయి ఆగిపోయినది అంతా చెప్పింది.

సూరమ్మ వరండా నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అంతా వింది.

"మీరలా ఒక కన్ను మూసుకుని కూర్చుంటే అమ్మగారికి ఏం ఒరుగుతుందండీ?" అంది. "ట్రాక్టరు కింద పడితే మటుకు మీకు ఒరుగుద్ది."

తబితకి చురుక్కుమంది. లేచి వెళ్ళి లోపల పనున్నట్టు వంటింట్లో నిలబడింది. అలా ఒక్క ముక్కలో తన మొహం మీద ఎవరైనా ఒక మాట అని ఎన్నేళ్ళయిందో లెక్కేసుకుంటే, చివరిసారి అన్నది అమ్మే. టీ పెట్టి రెండు గ్లాసుల్లో పోసి తెచ్చింది. ఇద్దరూ తాగారు. సూరమ్మకి ఆఖరి బస్సు ఆరున్నరకి. వెళ్ళేముందు, రాజమండ్రి ఎప్పుడు వెళ్ళాలో చెప్తే ఆ రోజుకి వంటకి వేరే మనిషిని పెట్టుకుంటానంది.

నవంబరు ఇరవై ఎనిమిదిన వెళ్ళారు. ఆ ఉదయం స్టేషనుకి బయల్దేరేముందు తబిత వరండాలో నిలబడి ఎడమకంటితో ఆఖరిసారి చూసింది. చేలల్లో కోతలు మొదలయ్యాయి, దూరాన ఎక్కడో గడ్డి తగలబెట్టిన పొగ ఉంది. ఆ కంటికి పొగకీ ఆకాశానికీ పెద్ద తేడా తెలియలేదు. గుర్తు పెట్టుకుందామని చాలాసేపు చూసింది. కింద నుంచి సూరమ్మ, బండికి టైమైపోతోందండీ అని పిలిచింది.

రెండో ఆపరేషన్ కూడా బాగానే జరిగింది. నాలుగో రోజు ఉదయం తబిత అద్దాలు తీసి వరండాలోకి వచ్చింది. కుడికంటితో చూసింది, నీలం. ఎడమకంటితో చూసింది, నీలం. రెండిటికీ పిసరంత తేడా లేదు. కళ్ళు మూసుకుని, ఆపరేషన్‌కి బయల్దేరిన రోజు అక్కడే నిలబడి చూసిన రంగుని తలుచుకోవడానికి ప్రయత్నించింది. కాన్వాసు సంచి రంగు అన్న మాట గుర్తుంది. రంగు గుర్తు రాలేదు. డికాక్షను గ్లాసు కంటి ముందు పెట్టుకుని చూద్దామా అనుకుని, అది వేరని తెలిసి ఊరుకుంది. అమ్మ ఎలా చూసిందో చెప్పడానికి ఇంక తన దగ్గర కూడా ఏమీ లేదు.

ఎండ వరండాలోకి వచ్చి పాదాల మీద పడింది. ఎదురింటి డాబా మీద ఎవరో దుప్పట్లు దులిపి ఆరేస్తున్నారు. తబిత వాళ్ళ వైపు చూసింది, వాళ్ళు చూడలేదు. పది గంటలకి చుక్కలు వేసుకోవాలి. లోపలికి వెళ్ళి ఒక్కరికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.